నిలువెత్తు

మా బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగిన రోజు ఒక తండ్రి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. కుర్చీ చూపించాం. "మేమెంతటోళ్లం సారూ, ఈడనే ఉంటం" అన్నాడు. మేమూ కోయవాళ్లమే. వరుసకు ఆయన మాకు మామ. అయినా సారూ అన్నాడు. పని తొందరలో మేము రెండోసారి కూర్చోమనలేదు. ఆ మాట మాత్రం చాలా రోజులు మమ్మల్ని వదల్లేదు. మనిషి ఎంతటివాడో దేనితో కొలవాలి?

తెలుగులో అంతస్తు అనే మాట ఉంది. మేడకూ అదే మాట, మనిషి హోదాకూ అదే మాట. పై అంతస్తు నిలవాలంటే కింద ఇంకొకటి ఉండాలి. ఈ కొలతలో ఒకరు కిందుంటేనే మరొకరు పైన ఉంటారు. ఆ తండ్రి తనను తాను ఆ మేడ అడుగున పెట్టుకున్నాడు.

మనకు ఇంకో మాట కూడా ఉంది, నిలువెత్తు. నిలుచోవడం నుంచి నిలువు, ఎత్తడం నుంచి ఎత్తు వచ్చాయి. ఎత్తు అంటే పొడవే కాదు, తూకం కూడా. తులమెత్తు అంటే తులం బరువు. నిలువు అంటే మనిషి మొత్తం. అందుకే ఒంటి మీదున్నదంతా పోతే నిలువు దోపిడీ అంటాం.

ఈ మాటను కళ్లారా చూడాలంటే మేడారం వెళ్లాలి. రెండేళ్లకోసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో మొక్కున్నవాళ్లు తక్కెడలో ఒక పక్క కూర్చుంటారు. రెండో పక్క బెల్లం పెడతారు. దాన్ని మనం బంగారం అంటాం. పది కిలోల పాపకు పది కిలోల బంగారమే నిలువెత్తు. అది తక్కువ మొక్కని ఎవరూ అనరు. ఎవరి కొలత వారి ఒళ్లే, పక్కవాడి ఒళ్లు కాదు. ఇంకో సంగతి గమనించండి. తక్కెడలో ఎవరూ తమంతట తాము పైకి లేవరు. అవతల పెట్టిన బంగారమే వారిని ఎత్తుతుంది. ఆ బంగారం మళ్లీ పదిమందికి ప్రసాదమవుతుంది.

జాతరలో సమానమైతే ఊళ్లో సమానమైపోతామా అని మా విద్యార్థులు అడుగుతారు. కాము. నిలబడడానికి కాళ్ల కింద నేల ఉండాలి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం వచ్చింది అందుకే. ఒక మాట మనకు నేలను ఇవ్వలేదు. కానీ "మేమెంతటోళ్లం" అనుకునేవాడు తన నేల తనదని అడగడానికి కూడా జంకుతాడు.

తర్వాతి సమావేశానికి ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి మేమే లేచి గుమ్మం దాకా వెళ్లాం. "రా మామా, కూసో" అన్నాం. కూర్చున్నాడు. కాసేపాగి, తన కొడుక్కి లెక్కలు ఎందుకు రావడం లేదని అడిగాడు. అప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది మేము.