అడగని మొక్క

పట్టించుకోకపోయినా బ్రతుకుతుంది అనే మాట మన ఇళ్లలో మొక్కకు ఇచ్చే పెద్ద ప్రశంస. మనీప్లాంటుకు దక్కినంతగా ఈ ప్రశంస మరే మొక్కకూ దక్కలేదేమో. కణుపుతో సహా తీగముక్క ఒకటి త్రుంచి నీళ్ల సీసాలో వేస్తే కొన్నాళ్లకు దానినుండి వేరు దిగుతుంది. ఎండ సరిగా సోకని వసారాలోనూ, కాగితాల కట్టల నడుమ గుమాస్తా బల్లమీదా అది కాలక్షేపం చేస్తుంది. వారం రోజులు ఊరికి పోయివచ్చినా మనమీద అలిగినట్లు కనిపించదు.

అయితే ఓర్పును మెచ్చుకోవటం తరచుగా బాధ్యతనుండి తప్పుకోవటానికి ఒక మర్యాదైన మార్గం. ఎంత బరువైనా లాగే ఎద్దునూ, అందరూ తిన్నతరువాత గిన్నె అడుగున మిగిలినదానితో సరిపెట్టుకునే ఇల్లాలినీ మనం ఇదే గొంతుతో పొగుడుతూ వచ్చాము. కనుక అడగని ప్రాణిపట్ల మనకు ఋణం ఉన్నదా అనే ప్రశ్నను ఈ చిన్న మొక్క దగ్గరనే వేసుకోవటం అనుచితం కాదు.

మొక్కకు బాధ లేదు గనుక ఋణమూ లేదని కొందరంటారు. జైన దర్శనం వృక్షాలను స్పర్శ ఒక్కటే గల ఏకేంద్రియ జీవులుగా లెక్కించి, వాటినికూడా అహింసా ధర్మం పరిధిలోకి తెచ్చింది. 1917లో కలకత్తాలో తన పరిశోధనామందిరాన్ని స్థాపించిన జగదీశ చంద్ర బోసు, కంటికి కనబడని మొక్క ఎదుగుదలను వేలరెట్లు పెద్దదిచేసి చూపే యంత్రాన్ని నిర్మించాడు. ఉత్తేజానికి మొక్క ప్రతిస్పందిస్తుందని నిరూపించాడు. ఇంతమాత్రాన మన దుఃఖాన్ని మొక్కకు అంటగట్టనవసరం లేదు. దానికి మెదడు లేదు, నాడీమండలం లేదు. కాని బాధ లేనిచోట మేలూ కీడూ కూడా లేవనటం తొందరపాటు. ఎండిన వేరుకు నీరు మేలు. కుళ్లుతున్న వేరుకు అదే నీరు కీడు. ఇది మన ఊహ కాదు, మొక్క జీవధర్మం.

ఈ నీటి విషయం కొంచెం ఆగి చూడదగినది. కుండీలోని మనీప్లాంటు చాలామంది చేతుల్లో దాహంతో చావదు. అతిగా పోసిన నీటితో చస్తుంది. మట్టిరేణువుల నడుమ గాలి ఉండవలసిన ఖాళీలను నీరు ఆక్రమిస్తే వేళ్లకు ప్రాణవాయువు అందదు. అవి మెత్తబడి, నల్లబడి, కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు గనుక పైన ఆకులు వాడిపోతాయి. ఆ వాడుటను చూచి యజమాని జాలిపడి మరొక చెంబు పోస్తాడు! ఎండిపోయిన మొక్కా, మునిగిపోయిన మొక్కా పైకి ఒకే విధంగా తలవాలుస్తాయి. వాటి భేదం తెలియాలంటే వ్రేలు మట్టిలోకి రెండు అంగుళాలు దించి చూడాలి. తడి తగిలితే చెంబు ప్రక్కన పెట్టాలి. ఇచ్చేవాని తృప్తికోసం ఇచ్చేది దానం కావచ్చునేమో గాని పోషణ మాత్రం కాదు.

ఆ మాటకు వస్తే ఈ మొక్క అడగదనటం కూడా పూర్తి సత్యం కాదు. వెలుతురు చాలనప్పుడు ఆకులమీది పసుపు చారలు క్రమంగా తగ్గిపోతాయి; క్రొత్త ఆకు పచ్చగానే విచ్చుకుంటుంది. ఉన్న కొద్ది వెలుగునూ పట్టుకోవటానికి దానికి పచ్చదనం ఎక్కువగా కావాలి. కణుపుకూ కణుపుకూ ఎడం పెరిగి తీగ కిటికీ వైపు సాగుతుంది. ఇవన్నీ అడగటం కాక మరేమిటి? కేకవేసినదాన్నే కోరికగా గుర్తించే అలవాటు మనది.

దొంగిలించి తెచ్చిన తీగ అయితేనే ఇంటికి ధనం కలిసివస్తుందని ఒక నమ్మకం ఉన్నది. పొరుగువాడు అడిగితే సంతోషంగా ఇచ్చేదాన్ని చీకటిలో త్రుంచుకురావటంలోని పుణ్యం ఏమిటో నాకు బోధపడదు. పైగా తోటలలోని మనీప్లాంటు దాదాపు ఎన్నడూ పూయదు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ అనే పదార్థాన్ని అది తగినంతగా తయారుచేసుకోలేకపోవటమే కారణమని 2016లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలిపింది. విత్తనం లేదు గనుక మన ఇంటి తీగ ఎవరి ఇంటిదో తీగకు ముక్క. అదీ మరొకదానికి ముక్కే. దొంగ ఇంటిలోనూ సొంతదారు ఇంటిలోనూ పెరిగేది ఒక్క మొక్కే.

దీని పుట్టుక పసిఫిక్ సముద్రంలోని మోరియా దీవి. అక్కడినుండి ఉష్ణదేశాలన్నిటికీ పాకింది. మన పెరటి గోడ దాటి పారవేసిన ముక్క కూడా ఊరకుండదు: సింహళంలో, క్యాండీ నగరపు ఉడవత్తకెలె అభయారణ్యంలో ఇది నేలను కప్పివేసి స్థానికమైన మొక్కలకు చోటు లేకుండా చేసింది. కత్తిరించిన తీగలను ఎక్కడ పడవేస్తామన్నది కూడా పోషణలో భాగమే.

అడవిలో పెద్ద చెట్టును పట్టుకొన్నప్పుడు ఈ తీగ ఇరవై మీటర్ల ఎత్తుకు ఎక్కగలదు. ఆకులు మూరెడు దాటి, అంచులు చీలి, మనం చూచే మొక్కతో పోలికయే లేనట్లు మారిపోతాయి. కుండీలో అరచేతి ఆకులతో వ్రేలాడేది ఎన్నేళ్లయినా ఎదగని దాని బాల్యావస్థ. ఆ దశను మనమే దానికి శాశ్వతం చేశాము, అదే దాని సహజరూపమని నమ్మాము కూడా. ఇది పెద్ద అపరాధమని నేను అనను. ఇంటిలో మహావృక్షాన్ని ఎవరు నిలుపగలరు? కాని కుండీ మధ్య కొబ్బరిపీచు చుట్టిన కర్రను పాతి, ఆ పీచును తడిగా ఉంచి, తీగను దానికి ఆనించటం ఎవరికైనా సాధ్యమే. కణుపుల వేళ్లు పీచును పట్టుకొన్న తరువాత పైకి పోయినకొద్దీ ఆకులు పెద్దవవుతాయి. అప్పుడు కిటికీ ప్రక్కనున్న చోటు దానికి చాలదు. బల్లను కొంచెం అవతలికి జరపవలసి వస్తుంది.