చేతిలోని పని

మాచర్లలోగాని గురజాలలోగాని తెల్లవారుజామున బస్సెక్కబోవు పిల్లతో, పట్టణమున మంచి పని, నెలనెలా జీతమని ఆశ పెట్టుచున్న అపరిచితుని మాటలో నిజమెంతయో విచారించువారు మనలో ఎందరు? ఆ మాటను నమ్మించునది ఆమె తెలివితక్కువతనము గాదు. వాన తప్పిన ఏట ఎండిన మిరపచేను, ఇంటిమీది అప్పు.

1996లో హైదరాబాదున మెహబూబ్ కీ మెహందీ అను వేశ్యావాడను ఖాళీ చేయించినపుడు, అచ్చటి స్త్రీల బిడ్డలకై చిన్న బడిగా మొదలైన ప్రజ్వల సంస్థలో, దాని స్థాపకులలో ఒకరైన సునీతా కృష్ణన్‌గారు, ఇట్టి మాటలు నమ్మి వ్యభిచారపు చెరలో పడి, ఆ చెర వీడి వచ్చిన వనితలకు కుట్టుపనితో సరిపెట్టక వెల్డింగు, వడ్రంగము, పుస్తకముల బైండింగు నేర్పించిరి. నల్లద్దపు కవచము ముఖమున కడ్డుపెట్టుకొని, మిరుమిట్లు గొలుపు వెలుగులో రెండు ఇనుపకడ్డీల నతుకు స్త్రీని తలచుకొనుడు. జాలితో పెట్టిన అన్నము కన్న ఆమె సంపాదించిన కూలియే ఆమెకు గట్టి రక్ష యని నా దృఢవిశ్వాసము. మన గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లోనే శారదానికేతనమును స్థాపించి, బాలికలకు చదువుతోపాటు చేతిపనియు కావలెనని తలచిరి.

పని పేర ఊరు విడుచు పిల్ల వెళ్లుచోటి చిరునామా అడిగి వ్రాసికొనుడు. అనుమానము కలిగినచో స్త్రీల కొరకు 181కు, బాలల కొరకు 1098కు వెంటనే ఫోను చేయుడు.