దుష్పాలనకు ఖడ్గము మందగునా?

పురాణశ్రవణము చేసినవారికి వేనుని కథ క్రొత్తది కాదు. యజ్ఞములను మాన్పించి, తానే దైవమని చాటుకొని, ప్రజలను పీడించిన ఆ రాజును మునులు హుంకారమాత్రమున సంహరించిరి. కథ అంతటితో ముగియలేదు. రాజు లేని రాజ్యమున దొంగలు పెచ్చుపెరిగిరి. ప్రజల ఆక్రందనము విని మునులు వేనుని కళేబరమునే మథింపవలసివచ్చెను. అట్లు మథించినగాని పృథుచక్రవర్తి వెలువడలేదు. దుష్టుని తొలగించుట యొక పని; ధర్మమును నిలుపుట వేఱొక పని.

ఈ రెండును ఒక్కటే యని తలచి, ఒక్క రాత్రిలో సాధింపబూనినవారు మన కాలమునను కలరు. 2016 జూలై 15వ తేదీ శుక్రవారము రాత్రి టర్కీ దేశమున జరిగినది అట్టి ప్రయత్నమే. దానిని నిమిత్తముగ గొని మేమొక ప్రశ్నను విచారింపదలచితిమి. ప్రజలెన్నుకొనిన ప్రభుత్వము క్రమక్రమముగ నిరంకుశమగుచుండగా, దానిని సైన్యము ఆయుధబలముతో కూలద్రోయుట ధర్మమగునా?

ప్రశ్నకు బలము లేకపోలేదు. 2003లో ప్రధానమంత్రియై, 2014లో దేశాధ్యక్షుడైన ఎర్డొగాన్ తొలుత సంస్కర్తగా పేరొందెను. రానురాను విమర్శను సహింపనివాడయ్యెను. 2013లో ఇస్తాంబులు నగరమున గెజి అను ఉద్యానవనమును కాపాడుకొనుటకై మొదలైన ఆందోళనమును పోలీసులు బాష్పవాయువుతోను, నీటిధారలతోను అణచిరి. 2016 మార్చిలో ‘జమాన్’ అను పెద్ద దినపత్రికను ప్రభుత్వము తన అదుపులోనికి తెచ్చుకొనెను. ఇట్టి ప్రభుత్వము పోవలెనని కోరుకొనుటలో దోషము లేదు. అది ఎవరిచేత, ఏ మార్గమున పోవలెనన్నదే విచార్యము.

ఆ రాత్రి సైన్యములో నొక వర్గము బోస్ఫరస్ జలసంధిపై వంతెనను అడ్డగించెను. అంకారా నగరముపై యుద్ధవిమానములు మిక్కిలి క్రిందుగా నెగిరెను. ప్రభుత్వ టెలివిజనులో వార్తలు చదువు మహిళను నిర్బంధించి ఒక ప్రకటన చదివించిరి. రాజ్యాంగమును, ప్రజాస్వామ్యమును, మానవహక్కులను పునరుద్ధరించుటకే అధికారమును చేకొంటిమని దాని సారము. దానితోడనే సైనికశాసనమును, ఎవరును ఇల్లు కదలరాదను ఆజ్ఞయు వెలువడెను. కొంతసేపటికి ప్రజాప్రతినిధుల సభాభవనముపైననే బాంబులు పడెను. ప్రజాస్వామ్యోద్ధరణము పార్లమెంటును కూల్చుటతో ప్రారంభమయ్యెను!

దేశాధ్యక్షుడు టెలిఫోను ద్వారా టెలివిజను తెరపై కానవచ్చి ప్రజలను వీధులలోనికి రమ్మని పిలిచెను. జనులు వచ్చి ట్యాంకుల కడ్డు నిలిచిరి. తెల్లవారునప్పటికి ప్రయత్నము భగ్నమయ్యెను. దాని నెదిరించినవారిలో ఇంచుమించు 250 మంది మరణించిరి. 2,000 మందికి పైగా గాయపడిరి. అమెరికాలో నివసించుచుండిన మతాచార్యుడు గ్యులెన్ దీనికి సూత్రధారి యని ప్రభుత్వము నిందింపగా, ఆయన కాదనెను. వీధులకు పంపబడిన పడుచు సైనికులలో పలువురు, అది కేవలము కవాతు విన్యాసమని తమకు చెప్పిరని తరువాత మొఱపెట్టుకొనిరి. వంతెనపై కొందరిని గుంపులు కొట్టి చంపెను. కుట్రకు దిగిన సేనాని మొదట వంచించునది తన చేతిక్రింది వానినే.

ఇచ్చట మా మనస్సును మిక్కిలిగ కదిలించినది మఱియొకటి కలదు. పార్లమెంటులోని మూడు ప్రతిపక్షములును మఱునాడే పాలకపక్షముతో కలిసి కుట్రను ఖండించినవి. ఆ ప్రభుత్వమును ఏండ్లతరబడి ఎదిరించినవారే ఇట్లేల చేసిరి? వారి దేశచరిత్రయే దానికి సమాధానము.

1960లో ప్రధానమంత్రి మెండెరిస్ మూడుమాఱులు ఎన్నికలలో గెలిచినవాడు. పత్రికల నణచి, ప్రతిపక్షముపై విచారణసంఘమును నియమించి, దానికి మితిమీరిన అధికారముల నిచ్చినవాడు. ఆ సంవత్సరము మే 27న సైన్యమాయనను దింపెను. జనులు హర్షించిరి. 1961లో వచ్చిన రాజ్యాంగము పౌరహక్కులను విస్తరింపజేసి, రాజ్యాంగ న్యాయస్థానమును నెలకొల్పెను. ఇంతకంటె సత్ఫలమేమి కావలయును? కాని ఆ సంవత్సరమే సెప్టెంబరులో మెండెరిసును, ఇద్దరు మంత్రులను ఉరితీసిరి. 1971లో సైన్యమొక హెచ్చరికపత్రముతో మఱియొక ప్రభుత్వమును దింపెను. 1980లో తిరిగి అధికారము నాక్రమించి లక్షలమందిని నిర్బంధించి, 1961 నాటి స్వేచ్ఛలను కుదించివేసెను. మంచికై తెఱచిన ద్వారమున మంచియే ప్రవేశించునని ఎవరు పూచీపడగలరు? ఈ సంగతి ఆ దేశపు ప్రతిపక్షములకు చదువవలసిన పాఠము కాదు, అనుభవించిన బాధ.

అయిన నొక ఆక్షేపణ మిగిలియున్నది. వారి ధర్మనిష్ఠకు ఫలమేమి? అయిదు దినములలో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడి రెండేండ్లు సాగెను. లక్షమందికి పైగా ప్రభుత్వోద్యోగులు ఉత్తరువులతోనే తొలగింపబడిరి. కుట్రను ఖండించిన ప్రతిపక్షములలో నొకదాని నాయకులే నవంబరులో చెఱసాల పాలైరి. 2017లో నూటికి 51 ఓట్ల ఆధిక్యముతో అధ్యక్షుని అధికారములు మఱింత పెరిగెను. కావున వారు మోసపోయిరని కొందరందురు.

మేమట్లు తలంపము. ఋణము తీర్చువాడు అప్పిచ్చినవాని గుణమును బట్టి తీర్చడు. వారు కాపాడినది ఎర్డొగానును కాదు. ఆయనను ప్రశ్నించుటకును, తొలగించుటకును తమకున్న హక్కును. ఆయన ఆ హక్కును కుదించినచో ఆ పాపమాయనది, కాపాడినవారిది కాదు. 2019 మార్చిలో ఇస్తాంబులు నగరాధ్యక్ష పదవిని ప్రతిపక్షాభ్యర్థి ఇమామోగ్లు సుమారు 13,000 ఓట్ల ఆధిక్యముతో గెలిచెను. ఆ ఎన్నికను రద్దుచేసి జూన్‌లో మరల జరిపిరి. ఆధిక్యము దాదాపు 8 లక్షలకు చేరెను! 2025 మార్చిలో ఆయనను నిర్బంధించి చెఱకు పంపిన మాటయు నిజమే. ద్వారము ఇఱుకగుచున్నది, కాని ఇఱుకైన ద్వారమును, మూసివేసిన గోడను ఒక్కటిగ చూడరాదు.

గోడయే మిగిలినప్పుడు? 1944 జూలై 20న జర్మను కర్నలు స్టాఫెన్‌బర్గు హిట్లరు యుద్ధాలోచన గదిలో బాంబుంచెను. ప్రయత్నము విఫలమై ఆ రాత్రియే ఆయన కాల్చివేయబడెను. ఆయనను మేము తప్పుపట్టజాలము. అచ్చట స్వేచ్ఛగల ఎన్నిక లేదు, ప్రతిపక్షము లేదు, స్వతంత్రమగు న్యాయస్థానము లేదు. నిరపరాధుల సామూహికహత్య ప్రభుత్వకార్యముగ సాగుచుండెను. అట్టి స్థితి యొకటి కలదని యొప్పుకొనవలయును. కాని ప్రతి దుష్పాలనమును అదియే యని పిలుచుట తొందరపాటు.

మఱియొక భేదమును గమనింపవలయును. అధర్మమైన ఆజ్ఞను పాటింపననుట వేఱు; ఆజ్ఞాపించు పీఠమునే ఆక్రమించుట వేఱు. 1975 జూన్ 25న ఢిల్లీ రామలీలా మైదానమున జయప్రకాశ నారాయణుడు చట్టవిరుద్ధమగు ఆజ్ఞలను పాటింపవలదని పోలీసులకును, సైనికులకును చెప్పెను. అధికారమును చేకొనుడని చెప్పలేదు. ఆ మాటనే సాకుగా చూపి ఆ రాత్రి అత్యవసర పరిస్థితిని విధించిరి. ఇరువదియొక్క నెలలు సైన్యము తన హద్దు దాటలేదు. 1977 మార్చిలో ప్రజలే ఓటుతో ఆ ప్రభుత్వమును దింపిరి. 1980లో ఆ నాయకురాలినే ఓటుతో మరల తెచ్చుకొనిరి. ఓటు చేసిన తప్పును ఓటు దిద్దగలదు. తుపాకి చేసిన తప్పును దిద్దుటకు మఱియొక తుపాకి కావలయును.

తరతరములుగ పరభాషాప్రాంతములలో కాపురమున్న మనకు ఈ విచారము దూరపుమాట కాదు. సంఖ్యలో కొలదివారమగు మనకు బలము చట్టమే. బిడ్డలకు మాతృభాషలో ప్రాథమికవిద్య నేర్పు సౌకర్యము కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము నాశ్రయించియే మనము అర్జీలు వ్రాసికొనుచున్నాము. సమాధానము ఆలస్యమైనపుడు విసుగు కలుగును. ఆ విసుగులో, గట్టిచేయి గలవాడొకడు వచ్చి యొక్క దినమున అన్నియు చక్కబెట్టిన బాగుండునని ఎవరైన ననినచో, ఆ గట్టిచేయి తరువాత ఎవరిపై పడునో ముందుగ నాలోచింతము. వేనుని చంపుటకు హుంకారము చాలెను. పృథుని పొందుటకు మథనమే కావలసివచ్చెను. ఆ మథనములో అలసిపోకుండుటయే పౌరధర్మమని మా విశ్వాసము.