బాలుని చేతిపని యెవరిది?

బడిపిల్లలు అక్షరములతోపాటు చేతిపనియు నేర్వవలెనను మాట క్రొత్తది కాదు. జర్మనీ దేశమున ఫ్రోబెలు 1837వ సంవత్సరమున నెలకొల్పిన విద్యాలయమందు చెక్కదిమ్మలును, నూలుబంతులును శిశువులకు పాఠ్యవస్తువులయ్యెను. రవీంద్రనాథ ఠాకూరుగారు 1924లో స్థాపించిన శిక్షాసత్రమున పల్లెపిల్లలు చేతిపనుల మూలమున చదువు నేర్చిరి. 1937 అక్టోబరు మాసమున వార్ధాలో జరిగిన విద్యాసభయు, పిదప జాకీర్ హుస్సేనుగారి యధ్యక్షతన కూర్చబడిన ప్రణాళికయు చేతిపనిని ప్రాథమిక విద్యకు మూలస్తంభముగా నిలిపినవి. కావున చేతిపని వలయునా యక్కరలేదా యను వివాదముతో మనకు పనిలేదు. బాలుడు చేసిన వస్తువు ఎవరిది యను ధర్మప్రశ్న మాత్రము మిగిలియున్నది. దానినే యిచట విచారింపదలచితిమి.

ఆ వస్తువు తనదని మొదట బడి యనవచ్చును. పిల్లల పనివలన వచ్చు సొమ్ముతో ఉపాధ్యాయుల వేతనము గడువవలెనని గాంధీమహాత్ముని యాశయము. బీదదేశమున ఆ యాశయము నిరాధారము కాదు. అయినను ధనదృష్టి ప్రబలినచో విద్యాదృష్టి నశించునని ఆ ప్రణాళికయే హెచ్చరించినది. ఆ హెచ్చరిక న్యాయమైనది. నూలు తెగినప్పుడు, ఏల తెగెనని యడుగువాడు గురువు. ఎంత నష్టమాయెనని యడుగువాడు యజమాని. పదునాలుగేండ్లలోపు పిల్లలను కర్మాగారములలో నియమింపరాదని మన రాజ్యాంగము 24వ అధికరణమున శాసించినది. కర్మాగారమున నిషిద్ధమైనది బడి పేరిట పవిత్రమగునా?

రెండవ హక్కుదారులు తల్లిదండ్రులు. నేడు బడిలో ప్రాజెక్టు చేయుమన్నచో, అంగడిలో కొన్న బొమ్మయో, తండ్రి రాత్రి మేలుకొని యంటించిన అట్టయో మరునాడు బాలుని పేరిట ప్రదర్శింపబడుట తరచుగా చూచుచున్నాము. ఒకరి వ్రాత క్రింద మరియొకరి పేరు మోసబుద్ధితో నుంచినచో న్యాయస్థానము దానిని కూటమనును. ఇంటిలో జరిగినప్పుడు దానిని మనము వాత్సల్యమనుచున్నాము! ఆరేండ్ల బాలుడు ఆ దినమున నేర్చిన పాఠమేమి? మెప్పు కొనదగినదనియు, అసత్యమునకు పెద్దల యాశీర్వాదము కలదనియు గదా. కూలినుండి యలసి వచ్చిన తల్లిగల బాలిక తానే మలచిన వంకర కుండ కడపటి వరుసలో నుండును. ఆమెకు కలిగిన యన్యాయమును ఏ బహుమతి తీర్పగలదు?

పెద్దల సాయము లేక పిల్లలెట్లు నేర్తురని కొంద రడుగుదురు. సత్యమే. అక్షరాభ్యాసమునాడు బియ్యముపై బిడ్డ వ్రేలు పట్టి దిద్దించుచున్నాము. కాని యా చేయి విడుచుటకే పట్టుచున్నాము. నేటి సాయమువలన రేపు బాలుడు తానై చేయగలిగినచో నది విద్య. రేపు మరల మనమే చేయవలసివచ్చినచో నది అపహరణము. ఈ యొక్క పరీక్ష చాలును.

మా యభిప్రాయమున వస్తువు బాలునిదే. దాని వెలకన్న, సొగసుకన్న అది చెప్పు సత్యము గొప్పది. మట్టి ముఖస్తుతి యెరుగదు. తప్పుగా కొలిచిన అట్ట తండ్రి యధికారమును చూచి యతుకదు. పుస్తకమున నీతివాక్యము వల్లించినవాడు దానిని మరువవచ్చును. తన తప్పును తన చేతులతో సవరించుకొన్నవాడు మరువడు.

కావున ఉపాధ్యాయులారా, చేతిపనిని బడివేళలోనే, బడి యిచ్చు సామగ్రితోనే చేయింపుడు. వంకర కుండనుగూడ ముందు వరుసలో నిలిపి, దానిని చేసిన బిడ్డచేతనే చేసిన విధమును చెప్పింపుడు. తల్లిదండ్రులారా, మీ బిడ్డ పనిని చూడుడు, ప్రశ్నింపుడు, మెచ్చుకొనుడు, దానిని దొంగిలింపకుడు. స్వహస్తముతో చేసిన కొద్దిపాటి పనికి సిగ్గుపడని బాలుడే, పెరిగి పెద్దవాడై, పరుల శ్రమను తనదని చెప్పుకొనుటకు సిగ్గుపడును.