తెలియలేదను మాట



ప్రతిసంవత్సరమును జూన్ మాసమున బడులు తెఱవఁబడును. ఆ దినములలో నే యూరి బడి వాకిట నిలిచి చూచినను, క్రొత్తసంచి తగిలించుకొని తల్లి కొంగు విడువనొల్లని చిన్నబిడ్డ యొకఁడైనను మనకుఁ గానఁబడును. ఆ బిడ్డ యక్షరములు నేర్వవలెననియు, లెక్కలు నేర్వవలెననియు, మంచివాఁడు కావలెననియు మన మెల్లరము కోరుచున్నాము. కోరిక మంచిదే. కాని సాయంకాలమున బిడ్డ యిల్లు చేరఁగానే మన మడిగెడు మొదటి ప్రశ్న యేది? “నేఁడేమి చెప్పినారు? ఒప్పగింపుము” అనియే గదా! వాఁడు గుక్క తిప్పుకొనక యొప్పగించినయెడల ముద్దుపెట్టుకొందుము. నడుమ నాఁగినయెడల కన్నులెఱ్ఱ చేయుదుము. వానికిఁ దెలిసినదా లేదా యని యడుగువారు మనలో నెందఱు? బడికిఁ బోవు బిడ్డ నిజముగాఁ జేయవలసిన పని యేదో నేఁడు పరమేశ్వరుని యెదుట నిలిచి యాలోచింతము.

తొలుత పూర్వపు బడిని జూతము. 1822వ సంవత్సరమున చెన్నపురి గవర్నరగు సర్ తామస్ మన్రో ప్రతిమండలమునందలి బడుల లెక్కను దెలుపవలసినదని కలెక్టరుల కుత్తరువు పంపించెను. దానికి బదులుగా బళ్లారి కలెక్టరగు కాంబెల్ 1823లో నొక నివేదికను వ్రాసెను. అనంతపుర మప్పటికి బళ్లారి మండలములోనిదే. 1882లోఁ గాని వేఱు మండలము కాలేదు. ఆ నివేదికనుబట్టి చూడఁగా, ఆ మండలమున 533 బడు లుండెను. వానిలో 235 కన్నడపుబడులు, 226 తెలుఁగుబడులు. జనసంఖ్య 9,27,857, చదువుకొను పిల్లలు 6,641 మంది. అనఁగా వేయిమందికి నించుమించుగా నేడుగురు మాత్రమే. బాలికలు మండలమంతటను 60 మంది మాత్రమే.

ఆ బడులలో మెచ్చఁదగిన దేదియు లేదని మేము చెప్పము. బిడ్డ నేలపైఁ బఱచిన యిసుకలో వ్రేలితో దిద్దుచు నక్షరముల నేర్చుకొనుచుండెను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకుఁ జెప్పుచుండిరి. ఈ పద్ధతిని కాంబెల్ శ్లాఘించెను. కాని యదే నివేదికలో నింకొక యాచారము గలదు. ఉదయమున నందఱికంటె ముందు వచ్చిన బాలుని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేత సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూఁడవవాని కొక మెల్లని దెబ్బ, నాలవవానికి రెండు, ఆపైని వచ్చిన ప్రతివానికి నొక్కొక్కటి యెక్కువ.

సోదరులారా, ఈ యాచారమును గూర్చి యొకింత విచారింపుఁడు. ఒకనాఁడు బాలు రందఱును సూర్యోదయమునకు ముందే మేల్కాంచి పరుగెత్తివచ్చిరనుకొందము. ఆనాఁడైనను కడపటివాఁడొకఁడు తప్పక యుండును. ఎక్కువ దెబ్బలు వానికే తగులును. వాఁ డాలసించినందులకుఁ గాదు, తక్కినవారు ముందు వచ్చినందులకు! వేళకు వచ్చుట యను మంచిగుణమును నేర్పఁబోయి తోడివానిని వెనుకవేయుట యను దుర్గుణమును నేర్పిరి. నేఁడు సున్నయు లేదు, సరస్వతియు లేదు. కాని చిన్నతరగతులలో సయిత మెవఁడు మొదటివాఁ డెవఁడు కడపటివాఁ డని లెక్కపెట్టు తల్లిదండ్రులు లేరా? మన యింటి బిడ్డకు నూటికిఁ దొంబది వచ్చినవని సంతోషించి, ప్రక్కయింటి బిడ్డకుఁ దొంబదియైదు వచ్చినవని వినినంతనే మన మొగము వాడిపోవుట లేదా?

కాంబెల్ మఱియొక దోషమును జెప్పెను. నాఁటి బాలురు కంఠస్థము చేయు పద్యముల భాష జనులు మాటలాడు భాష కాదు. వాని యర్థము బాలురకుఁ దెలియదు. ఉపాధ్యాయులలోఁ బెక్కండ్రకును దెలియదు. పలుకులు నేర్చిన చిలుకకును ఆ బాలునకును భేదము లేదని యతని తాత్పర్యము. ఆ మాట మనకుఁ గష్టము కలిగింపవచ్చును. అయినను అది యసత్యమని త్రోసివేయఁజాలము.

నాఁటికిని నేఁటికిని ఎంతో భేదము కలిగినది. 2009లోఁ జేయఁబడి 2010 ఏప్రిల్ 1వ తేదినుండి యమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 సంవత్సరముల వఱకుఁ గల ప్రతిబిడ్డకును ఉచితమగు చదువును హక్కుగాఁ జేసినది. బిడ్డను గొట్టుటను, మనస్సు నొప్పించి బాధించుటను నిషేధించినది. వండిన యన్నమును బడిలోనే పెట్టవలసినదని సర్వోన్నతన్యాయస్థానము 2001లో నాజ్ఞాపించెను. ఇది యెంతయు సంతోషింపఁదగిన మార్పు.

అయినను చిలుకపలుకులు బడిని విడిచిపోయినవా? పాఠము ముగియఁగానే “అర్థమైనదా?” యని ప్రశ్న వచ్చును. “అర్థమైనదండీ!” యని ముప్పది కంఠము లొక్కమాఱు పలుకును. ఆ ముప్పదింటిలో నర్థము కాని బిడ్డ లెందఱో! అర్థము కాలేదని చెప్పినయెడల తోడివారు నవ్వుదురు, గురువు విసుగుకొనును, ఇంట మాటలు పడవలసివచ్చును. కాఁబట్టి యా బిడ్డ నలుగురితోఁ గూడి తానును తల యూఁచును. సత్యమునే పలుకవలెనని గోడమీఁద వ్రాసియున్న గదిలోనే బిడ్డ యసత్యము నభ్యసించుచున్నాఁడు! వానికి దానిని నేర్పినవారము మనమే.

ఒక దృష్టాంతమును జెప్పెదము. 52 లో 27 తీసివేయుమని పలకమీఁద లెక్క యిచ్చినప్పుడు కొందఱు బిడ్డలు 35 అని వ్రాయుదురు. వారు మూఢులు కారు. 2 లో 7 పోవదని చూచి 7 లో 2 తీసి 5 వేయుదురు. తరువాత 5 లో 2 తీసి 3 వేయుదురు. వారి తప్పునకు నొక త్రోవ గలదు. ఇరువదవ యెక్కము వఱకు వల్లించు బిడ్డ సయిత మీ తప్పు చేయవచ్చును. ఏలయన వల్లించుట వేఱు, ఎఱుఁగుట వేఱు. ఇప్పుడు ప్రక్కవాని పలక చూచి 25 అని వ్రాసిన బిడ్డను దలంపుఁడు. వాని జవాబు ఒప్పు. వాని చేఁత యసత్యము. 35 వ్రాసినవాని జవాబు తప్పు. వాని చేఁత సత్యము. ఎఱ్ఱసిరాతో నొకనిని గొట్టివేసి రెండవవానిని మెచ్చుకొనునప్పుడు మనము సత్యమును గొట్టివేసి యసత్యమును మెచ్చుకొనుచున్నాము గదా! తెలిసిన యుపాధ్యాయిని యేమి చేయును? పదేసి పుల్లల కట్ట లయిదును, విడిపుల్లలు రెండును బిడ్డ ముందుంచి, “ఇందులోనుండి యిరువదియేడు నాకిమ్ము” అనును. బిడ్డ యొక కట్టను తానే విప్పును. విప్పిన యా నిమిషమున వానికిఁ గలుగు వెలుఁగు నే బెత్తమును నీయఁజాలదు.

2021లో దేశమునఁ బ్రారంభింపఁబడిన ‘నిపుణ్ భారత్’ ప్రయత్నము, మూఁడవ తరగతి ముగియునప్పటికి బిడ్డ తానెన్నఁడును జూడని పాఠమును నిమిషమునకు 60 పదములకుఁ దక్కువ కాకుండ నర్థముతోఁ జదువఁగలుగవలెనని గుఱి పెట్టినది. ఎన్నఁడును జూడని పాఠమును, అర్థముతో! ఈ రెండు మాటలు మనము మనస్సున నిలుపవలసినవి. చూచిన పాఠమును జిలుకయు నొప్పగించును. చూడని దానిని మనుష్యుఁడే చదువును. బిడ్డకు ముందుగల జీవితమంతయు నెన్నఁడును జూడని పాఠమే గదా!

కాఁబట్టి తల్లులారా, తండ్రులారా! బిడ్డ యింటికి వచ్చినప్పుడు “ఒప్పగింపుము” అనుటకు మాఱుగా “నేఁడు నీకుఁ దెలియని దేమి వచ్చినది, నాయనా?” యని యడుగుఁడు. తెలియలేదని చెప్పినవానిని దగ్గఱకుఁ దీసికొనుఁడు. ఉపాధ్యాయులారా! బిడ్డ యడిగినది మీకుఁ దెలియనప్పుడు “నాకును దెలియదు, చూచి రేపు చెప్పెదను” అని తరగతి యెదుటఁ బలుకుఁడు. ఆ యొక్కమాటచే మీ గౌరవము తగ్గదు. నూఱు నీతిపాఠములు చేయలేని పనిని అది చేయును. వేళకు వచ్చుట, పలకను శుభ్రముగా నుంచుకొనుట, పంక్తిలో నందఱితోఁ గలసి భుజించుట, వెనుకఁబడినవానికిఁ జెప్పి తోడు తెచ్చుకొనుట — ఇవి యెల్ల బిడ్డ చేయవలసినవే. కాని వీని కన్నిఁటికి మూలము నిర్భయముగా సత్యము పలుకుట.

మన మాటయు నట్టిదే కాదా? అర్థ మెఱుఁగని మంత్రములను వల్లించి, తెలియనివి తెలిసినట్లు తల యూఁచుచు, పెద్దలమై తిరుగుచున్నాము. సర్వజ్ఞుఁడగు తండ్రికి మన మొప్పగించు పాఠములతోఁ బని లేదు. “ప్రభూ, తెలియలేదు” అని నిష్కపటముగా నిలిచిన హృదయమునకే యాతఁడు బోధించును.

పరమేశ్వరా! మా బిడ్డల నోట నసత్యమును బెట్టిన మా తొందరను, మా దురభిమానమును క్షమింపుము. తెలియలేదని చెప్పు ధైర్యమును వారికిని, దానిని విని సహించు శాంతమును మాకును అనుగ్రహింపుము. బడి వాకిట భయపడి నిలిచిన యా చిన్నబిడ్డ నవ్వుచు లోపలికిఁ బోవునట్లు చేయుము.