మాడిన రేకు

సూరత్ నగరంలోని వరాఛాలో, వజ్రాల బేరాలు సాగే మినీ బజార్‌కు దగ్గర్లో ఒక సానపట్టే కార్ఖానా ఉండేది. అందులో ఒక తెలుగు యువకుడు పనిచేసేవాడు. తండ్రి కరీంనగర్ నుంచి మరమగ్గాల పనికి వచ్చి లింబాయత్‌లో స్థిరపడ్డాడు. కొడుకు మాత్రం వజ్రాలకు సానపట్టే ‘ఘంటి’ ముందు కూర్చున్నాడు. తిరిగే చక్రానికి రాయిని ఆనించడం, ఐగ్లాస్‌తో చూడడం, 57 ముఖాలూ అద్దంలా తేలేదాకా మళ్లీ ఆనించడం అతని పని. గీత కనబడితే రాయి ధర పడిపోతుంది. అందుకే మచ్చను చూస్తే అతని చెయ్యి ఊరుకునేది కాదు.

అతని చెల్లెలు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. కార్బన్ డయాక్సైడ్‌ను కరెంటుతో పనికొచ్చే రసాయనాలుగా మార్చే ప్రయోగం ఆమెది. అందుకు రాగిని ఉత్ప్రేరకంగా ఎంచుకుంది. ఆ వాయువును మీథేన్, ఇథిలీన్ దాకా చెప్పుకోదగ్గ మోతాదులో తీసుకెళ్లగలిగే లోహం రాగి ఒక్కటేనని జపాన్ శాస్త్రవేత్త యోషియో హోరి పరిశోధనల వల్ల 1980లలో లోకానికి తెలిసివచ్చింది.

ఒక సాయంత్రం ఆమె రెండు రాగి రేకులను 500 డిగ్రీల కొలిమిలో కాల్పించి, మర్నాడు ల్యాబ్‌కు తీసుకెళ్దామని ఇంట్లో పెట్టింది. రెండూ నల్లగా పొర కట్టి ఉన్నాయి. అన్న కంట ఒక రేకు పడింది. ‘పాపం, చెల్లె రేకు మాడిపోయింది’ అనుకుని, రాత్రంతా కూర్చుని సన్నని వజ్రపు పొడితో రుద్దాడు. తెల్లారేసరికి అందులో ముఖం కనబడింది.

“ఎంత పని చేసినవ్ అన్నా!” అంది చెల్లెలు.

“మాడింది గదనే, బాగుచేసిన.”

“మాడలే. నేనే మాడబెట్టిన.”

కోప్పడకుండా అన్నను వెంటబెట్టుకుని ల్యాబ్‌కు వెళ్లింది. బైకార్బనేట్ నీళ్లలోకి కార్బన్ డయాక్సైడ్ వదిలి, రెండు రేకులకూ ఒకే తక్కువ వోల్టేజీ ఇచ్చింది. అద్దంలాంటి రేకు నీటిని విడగొట్టి ఎక్కువగా హైడ్రోజన్‌నే ఇచ్చింది. నల్లరేకు మీది ఆక్సైడ్ తిరిగి రాగిగా మారాక, కార్బన్ మోనాక్సైడ్, ఫార్మిక్ ఆమ్లం రావడం మొదలైంది. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టినా లీ, మాథ్యూ కానన్ 2012లో చూపించింది ఇదే.

“ఆ పొర మళ్ల రాగి అయినప్పుడు సన్న సన్న స్ఫటికాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంట పుడ్తయ్. అవి కలిసే అంచుల్ల పరమాణువుల వరుస చెదిరి ఉంటది. అక్కడ్నే ఈ పని బాగ జరుగుతదని అంటరు” అని వివరించింది.

“మా రాయిల అట్లాంటి అంచు ఉంటే నేరం. మీ దగ్గర అదే పనిమంతురాలా!” అని నవ్వాడు అన్న. “అట్లయితే ఇగ నీళ్లు శుభ్రంగ లేకున్నా నడుస్తది” అంటూ ప్రయోగానికి నల్లా నీళ్లు పట్టబోయాడు.

“ఆగు! నీళ్లల్ల ఇనుమో జింకో పిసరంత ఉన్నా రాగి మీద పేరుకుని దాని పని చెడగొడ్తది. ఆ మురికి వేరు, ఈ పొర వేరు.”

నీతి: పని తెలియకుండా లోపాన్ని తేల్చకూడదు. వెలుగును తిప్పికొట్టే వజ్రానికి నునుపు గుణం, వాయువును మార్చే రాగికి చెదిరిన అంచు గుణం. అలాగని ప్రతి మరకా గుణం కాదు. దేన్నైనా బాగుచేయబోయే ముందు ‘ఇది ఏ పనికి?’ అని అడగాలి. ప్రేమతో సాయం చేసే వాళ్లు ముందుగా అడగాలి.