కొత్త కారుకు ఎంత దూరం?

విజయవాడ ఇంద్రకీలాద్రి కింద కొత్త కారు వచ్చి ఆగుతుంది. బానెట్ మీద పసుపు కుంకుమలు, ముందు బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పూజారి హారతి ఇచ్చి గుమ్మడికాయతో దిష్టి తీశాక, బండి మెల్లగా కదిలి నిమ్మకాయలను తొక్కుతుంది. ఇంటిల్లిపాదీ దణ్ణం పెట్టుకుని క్షేమం కోరుకుంటారు. న్యాయమైన కోరికే. అయితే వాహనం కొన్నవాణ్ణి ధర్మం ఇంకో ప్రశ్న కూడా అడుగుతుంది. దీన్ని ఎంతవరకు వాడుకుంటావు?

ఈ ప్రశ్నను అందరికంటే పట్టుదలగా పట్టుకున్నవాళ్ళు జైనులు. వారి సాధువులు వాహనం ఎక్కరు, ఎంత దూరమైనా కాలినడకే. సంసారులకు అంత కఠినమైన నియమం లేదు. వారికి దిగ్వ్రతం ఉంది. ఏ దిక్కుకు ఎంత దూరం దాకా వెళ్ళవచ్చో ముందే హద్దు గీసుకోవడం ఆ వ్రతం. దానికి తోడుగా అనర్థదండ వ్రతం, అంటే పనికిమాలిన హింస మానుకోవడం. పెట్రోలు బావుల ఊసే లేని కాలంలో పుట్టిన ఈ నియమాలు కారు కొనే కుటుంబానికి ఇంత దగ్గరగా రావడం ఆశ్చర్యం. కొలనుపాక జైన క్షేత్రం ఉన్న తెలుగు నేలకు ఈ ఆలోచన పరాయిదేమీ కాదు.

హద్దు గీసుకోవాల్సింది షోరూములో అడుగు పెట్టకముందే. సంక్రాంతికి అందరూ కలిసి ఊరెళ్ళాలని ఏడు సీట్ల బండి కొంటారు. పండగ మూడు రోజులు. మిగతా ఏడాదంతా ఒక్కరో ఇద్దరో ఎక్కి, ఖాళీ సీట్ల బరువును కూడా ఆఫీసుకు మోసుకెళ్తుంటారు. రోజూ ఎక్కేవాళ్ళెందరో లెక్కవేసుకుని బండి కొని, పండగకు పెద్దది అద్దెకు తీసుకుంటే ఇంధనమూ మిగులుతుంది, ఈఎంఐ కూడా తగ్గుతుంది.

డీజిల్ మోజుకూ లెక్కే మందు. పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు, డీజిల్ కారు 20 ఇస్తాయనుకుందాం. లీటరు పెట్రోలు రూ.108, డీజిల్ రూ.96 అనుకుంటే కిలోమీటరుకు మిగిలేది రూ.2.40. డీజిల్ బండికి రూ.1.20 లక్షలు ఎక్కువ పెడితే అవి తిరిగి రావడానికి 50,000 కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 7,000 కిలోమీటర్లే తిరిగే ఇంటికి అది ఏడేళ్ళ పైమాట. పైగా దగ్గర దగ్గర ప్రయాణాలకే వాడితే బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగను వడకట్టే ఫిల్టర్ మసితో పూడుకుపోతుంది.

ఇక అనర్థదండం. బడి గేటు ముందు పిల్లలు వచ్చేదాకా ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లోనే ఉంచడం దానికి సరైన ఉదాహరణ. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఆ గేటు దగ్గర పొగ పీల్చేది పిల్లలే. టైర్లలో గాలి తగ్గినా ఇంధనం ఊరికే పోతుంది. వేగం సంగతి మరీను. గంటకు 80 నుంచి 100 కిలోమీటర్లకు పెంచితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు 275 కిలోమీటర్లనుకుంటే, దారి పొడవునా అదే వేగంతో వెళ్ళగలిగినా కలిసొచ్చేది 40 నిమిషాలే. ఆ లోపు టోల్‌గేట్లు, ఊళ్ళు సగం తినేస్తాయి.

పొదుపు పేరుతో చేసే తప్పు కూడా ఒకటుంది. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు మిగులుతుందని చాలామంది నమ్మకం. నేటి ఇంజిన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీది కాలు తీస్తే ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి ఇంకా తాగుతుంది. పైగా ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. మైలేజీ కోసం ఎయిర్‌బ్యాగులు, క్రాష్ టెస్ట్ స్టార్ రేటింగు వదులుకోవడమూ ఇలాంటిదే. ప్రాణం కాపాడటమే మొదటి అహింస.

ఇవన్నీ పాటించినా ఒక చిక్కు మిగులుతుంది. 1865లో ఇంగ్లండ్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవాన్స్ బొగ్గు గురించి రాస్తూ దాన్ని పట్టుకున్నాడు. ఆవిరి యంత్రం తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేసేకొద్దీ దేశంలో బొగ్గు వాడకం పెరుగుతూ పోయింది. మైలేజీ బాగుంటే ‘ఖర్చేముందిలే’ అని ఇంకో ప్రయాణం పెట్టుకునే ఇల్లూ అంతే. ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో ఇది చిన్న విషయం కాదు. మంచి ఇంజిన్ కిలోమీటరు ఖర్చు తగ్గించగలదు గానీ, ఎన్ని కిలోమీటర్లు తిరగాలో చెప్పలేదు. అందుకే నెలకు ఇన్ని లీటర్లని ఇంట్లో అందరూ కూర్చుని ముందే అనుకోవాలి. పక్కింటి పెద్దాయన్ని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళిన పెట్రోలును ఆ లెక్కలో కలపనక్కర్లేదు.

మరి తీర్థయాత్రో? దేవుడి పని కదా అని దానికి మినహాయింపు ఇవ్వాలనిపిస్తుంది. కానీ కొండకు వెళ్ళే కారు పొగ కూడా అందరూ పీల్చే గాలిలోనే కలుస్తుంది కాబట్టి తిరుపతి ప్రయాణాన్నీ హద్దులోపలే లెక్కించాలి. సికింద్రాబాద్ నుంచి తిరుపతికి రైళ్ళున్నాయి, కింది నుంచి కొండ మీదికి ఆర్టీసీ విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి, కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళకు అలిపిరి, శ్రీవారి మెట్టు దారులు ఎప్పుడూ ఉన్నవే.